సరఫరా నౌకల పనిలో మన జిల్లాల వాటా

సంపాదకులకు,

నమస్కారములు. భారత నౌకాదళానికి ఐదు సరఫరా నౌకలు కట్టి ఇచ్చేందుకు విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డు 2023 ఆగస్టులో ఒప్పందం చేసుకుంది. 2024 ఏప్రిల్‌లో తొలి నౌకకు ఉక్కు పలకల కోత మొదలైంది. సుమారు 19,000 కోట్ల రూపాయల ఈ పని గురించి పక్కనే ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జరగవలసినంత చర్చ జరగడం లేదు. యుద్ధనౌకలూ జలాంతర్గాములూ మొదటి పేజీకి ఎక్కుతాయి గానీ, వాటికి చమురు, మంచినీరు, తిండిగింజలు, మందుగుండు మోసుకెళ్లే ఓడ ఎవరి కంటా పడదు.

ఆ ఓడ లేనిదే యుద్ధనౌకలు రేవుకు దూరంగా ఎక్కువకాలం నిలవలేవు. నడిసముద్రంలో రెండు నౌకలూ ఆగకుండా, ఒకే వేగంతో, కొన్ని పదుల మీటర్ల ఎడంలో పక్కపక్కన సాగుతుండగా, మధ్యన ఉక్కు తాడు బిగించి, దానికి వేలాడే గొట్టాల గుండా ఇంధనం పంపుతారు. ఆ ఇరుకులో పారే నీరు రెండింటినీ దగ్గరకు లాగుతుంది కనుక చుక్కాని పట్టినవారు క్షణం ఏమరినా ప్రమాదమే. ఇటువంటి నౌకల్లో ‘జ్యోతి’ని రష్యా నుంచి, ‘దీపక్’, ‘శక్తి’లను ఇటలీ నుంచి తెచ్చుకున్నాం. ఇప్పుడు కట్టేవి వాటికన్నా పెద్దవి, ఒక్కొక్కటి సుమారు 44,000 టన్నులు.

ఎనిమిదేళ్లలో 168.8 లక్షల పనిదినాలు లభిస్తాయని రక్షణ శాఖ ఒప్పందం నాడే ప్రకటించింది. అందులో మనవాళ్లకు దక్కేవెన్ని? ఐదింటిలో రెండు నౌకల నిర్మాణాన్ని చెన్నై దగ్గరి కాట్టుపల్లి యార్డుకు అప్పగించారు. గడువు దృష్ట్యా దాన్ని తప్పుపట్టలేం. అయితే పలాసలో చెన్నై రైలెక్కే మన కుర్రాడు విశాఖకు దక్కిన ఓడకే అక్కడ కూలికి కుదిరినా ఆశ్చర్యం లేదు!

ఐటీఐలో ఏడాది వెల్డర్ కోర్సు ముగించినంత మాత్రాన ఓడ పని చేతికి రాదు. బల్ల మీద పలకను అతకడం వేరు, నిలువు గోడకూ తలపైనున్న పలకకూ లోపం లేని అతుకు వేయడం వేరు. అటువంటి అతుకు పరీక్షలో నిలిచినవారికే అర్హత పత్రం ఇస్తారు. ఆ నేర్పు రావడానికి ఎన్నో పలకలు, ఎలక్ట్రోడ్లు ఖర్చవుతాయి. ఆ ఖర్చు వలస కుటుంబాలు భరించగలిగేది కాదు.

కాబట్టి ఉభయ జిల్లాల కలెక్టర్లు షిప్‌యార్డు యాజమాన్యంతో మాట్లాడి, జిల్లాకొక ప్రభుత్వ ఐటీఐలోనైనా ఓడ వెల్డింగు, పైపు ఫిట్టింగు పనుల్లో ఉచితంగా అదనపు శిక్షణ ఇప్పించి, అర్హత పరీక్షలు కూడా అక్కడే జరిపించాలని కోరుతున్నాను. ఒప్పందం ప్రకారం తొలి నౌకను 2027లోనే అప్పగించవలసి ఉంది. కనీసం తర్వాతి నౌకల పనికైనా మన పిల్లలు అందాలంటే, ఈ శిక్షణ వచ్చే విద్యా సంవత్సరంలోనే మొదలుకావాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా.