ఏడో సెక్షన్ సడలించండి: కేంద్ర హోంశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

తమకు అందిన విదేశీ విరాళాన్ని ఒక సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వకూడదనే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టంలోని ఏడో సెక్షన్ గురించి మావంటి చిన్న స్వచ్ఛంద సంస్థలు ఇచ్చిన వినతిపత్రాలకు రసీదు ముద్ర తప్ప జవాబు దొరకలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. చట్టంలో ఏముందో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2020 సెప్టెంబరులో దాన్ని సవరించాక ఊళ్లలో ఏమి జరిగిందో మాత్రం మీకు తెలియాలి.

ఆ ఏడాది లాక్‌డౌన్ మొదలయ్యాక సాయానికి రమ్మని నీతి ఆయోగ్ 92 వేలకు పైగా సంస్థలకు లేఖలు రాసింది. మేము వెళ్లాం. శ్రీకాకుళం జిల్లా మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి పక్కన టెంటు వేసుకుని కూర్చున్నాం. చెన్నై వైపు నుంచి ఒడిశాకు నడిచి పోతున్న కూలీలు గుంపులు గుంపులుగా వచ్చేవారు. చెప్పులు తెగిపోయి పాదాలకు తువ్వాలు ముక్కలు చుట్టుకున్నవారు కొందరు. పులిహోర పొట్లం చేతికిస్తే, ముందు ఫోను చార్జింగు పెట్టుకోనివ్వమని అడిగేవారు. బతికే ఉన్నామని ఇంటికి ఒక్క మాట చెప్పాలని వాళ్ల తాపత్రయం. ఎండ తగ్గేదాకా పడుకోబెట్టి, మజ్జిగ తాగించి, సరిహద్దు దాటేందుకు దారి చెప్పి పంపేవాళ్లం. 13 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలో ప్రభుత్వాలకన్నా స్వచ్ఛంద సంస్థలే ఎక్కువమందికి అన్నం పెట్టాయని ఆ ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేంద్రం లెక్కలే చెప్పాయి. ఇది మేము మా గురించి చెప్పుకున్న గొప్ప కాదు.

ఊళ్లలో మేమింకా బియ్యం, కందిపప్పు సంచులు కడుతుండగానే సవరణ బిల్లు వచ్చింది, పార్లమెంటులో కొద్ది రోజుల్లోనే గట్టెక్కింది. విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. ఆ రెండో సంస్థ కూడా మీ దగ్గర నమోదు చేసుకున్నదే అయినా సరే, కుదరదన్నారు. పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి కోశారు. ఎక్కడి సంస్థ అయినా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే ఖాతా తెరవాలన్నారు. ఖాతాల గొడవ ఎలాగో తీరింది. ఏడో సెక్షన్ దెబ్బ మాత్రం మానలేదు.

2021 మేలో రెండో విడత కొవిడ్ మా కొండ ఊళ్లకు పాకింది. మా కార్యకర్తలు గడప గడపకూ తిరిగి, చల్లబడిన వేళ్లను రుద్ది వెచ్చబెట్టి, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఆక్సీమీటర్ పెట్టి చూసేవారు. అంకె 90 కిందికి దిగితే ఆటోను బతిమాలుకుని కొండ దింపాలి. ఆసుపత్రిలో మంచం దొరుకుతుందో లేదో తెలియదు. మంచం దొరికేదాకా రోగిని నిలబెట్టడానికి గాలి నుంచి ఆక్సిజన్ తీసి అందించే యంత్రం, ఆక్సిజన్ కాన్సంట్రేటర్, ఒక్కటి ఉన్నా చాలు. అవి ఉన్నాయి కూడా! మాకు ఏళ్లుగా తోడున్న నగరంలోని ఒక పెద్ద సంస్థకు విదేశీ దాతలు ఇచ్చినవి. కానీ చట్టం దృష్టిలో విరాళమంటే డబ్బే కాదు, వస్తువు కూడా. మాకిస్తే రిజిస్ట్రేషన్ పోతుందేమోనని వాళ్లు జంకారు. వాళ్లను తప్పుపట్టను. వాళ్ల దగ్గర యంత్రాలున్నాయి, మా కొండల్లో తిరిగే మనుషులు లేరు. మా దగ్గర మనుషులున్నారు, యంత్రాలు లేవు. ఈ రెండింటి మధ్య చట్టం గోడ కట్టింది. ఆ రోజుల్లో పోయినవారిలో ఎవరు దక్కేవారో నేను చెప్పలేను. చేతికి అందాల్సింది అందకుండా పోయిందని మాత్రం చెప్పగలను.

అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువాడు తాను పుట్టిన ఊరికి పంపినా అది విదేశీ విరాళమే. పంపనివ్వండి, లెక్క అడగండి, తప్పు చేస్తే శిక్షించండి. విదేశీ డబ్బు దారి తప్పకూడదన్న మీ పట్టుదలను నేను కాదనను. అలా దారి తప్పించినవాళ్లు ఉన్నారు, వాళ్లవల్ల మా అందరి పేరూ పాడయింది. కానీ ఇచ్చిన సంస్థా పుచ్చుకున్న సంస్థా రెండూ మీకే లెక్క చెబుతున్నప్పుడు ఆ డబ్బు మీ కళ్లు గప్పి ఎక్కడికి పోతుంది?

2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సవరణలు చెల్లుతాయని చెప్పింది. తీర్పును శిరసావహిస్తాం. చట్టం చెల్లుతుందని కోర్టు చెప్పింది, మార్చవద్దని చెప్పలేదు. అదే ఏడాది జూలైలో, విదేశాల్లోని బంధువుల నుంచి తెలియజేయకుండా పుచ్చుకోగల సొమ్మును లక్ష రూపాయల నుంచి 10 లక్షలకు పెంచారు. సడలింపు ఇవ్వదలిస్తే అడ్డేమీ లేదని అప్పుడే తెలిసింది. మా విషయంలో మాత్రం మనసు ఎందుకు రావడం లేదు?

అయ్యా, మేము అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. నమోదైన సంస్థ నుంచి నమోదైన సంస్థకు విరాళం బదిలీని మళ్లీ అనుమతించండి. అంత కుదరదంటే, మహమ్మారి, తుపాను వంటి విపత్తును ప్రభుత్వం ప్రకటించిన కాలానికైనా, మందులు, యంత్రాలు, తిండిగింజల వరకైనా అనుమతించండి. మరో జబ్బు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. అది వచ్చి, మాకు మళ్లీ లేఖలు రాసేలోగా ఈ ఏడో సెక్షన్ సంగతి తేల్చండి.

ఇట్లు,
ఉత్తరాంధ్రలోని ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ కార్యకర్త