ఊమూ సంగారే పాట విన్నాక నీకు రాయకుండా ఉండలేకపోయాను

ఏమే బంగారం,

ఎలా ఉన్నావు? బాబుకి జ్వరం తగ్గిందా? మొన్న ఫోను మధ్యలోనే పెట్టేశావు, అప్పట్నుంచీ మనసంతా అక్కడే ఉంది. తగ్గితే ఒక్క మెసేజ్ పెట్టవే, నా టెన్షన్ తీరుతుంది.

ఇక అసలు సంగతి. పది రోజులుగా ఒక గొంతు నన్ను పట్టుకుని వదలట్లేదు. పేరు ఊమూ సంగారే. పశ్చిమ ఆఫ్రికాలో మాలి దేశం ఉంది కదా, అక్కడి గాయని. మొన్న ఆదివారం వంటింట్లో ఆమె పాట పెట్టుకుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కాసేపటికి చూస్తే వేలితో చేట మీద తాళం వేస్తోంది. "ఏం భాషో ఏమో గానీ, ఈ అమ్మాయి ఎవర్నో గట్టిగా నిలదీస్తోందే" అంది. ఒక్క ముక్క అర్థం కాకుండానే పాటలో సంగతి పట్టేసింది!

ఆమె 1968లో బమాకోలో పుట్టింది. రెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఇంకో పెళ్ళి చేసుకుని కొత్త భార్యతో కాపురం పెట్టాడు. తల్లి కూడా పాటగత్తే. పెళ్ళిళ్ళలో, పురుళ్ళ వేడుకల్లో పాడి పిల్లల్ని సాకింది. ఊమూ చిన్నప్పుడే అమ్మ వెంట వెళ్ళి పాడుతూ ఇంటి ఖర్చుకు ఆసరా అయింది. బడి పిల్లల పాటల పోటీలో గెలిచి ఊళ్ళోని పెద్ద స్టేడియంలో వేలమంది ముందు నిలబడినప్పుడు, మన వంటింట్లో పాడుకుంటావు చూడు, అలాగే పాడు అని తల్లి ధైర్యం చెప్పిందట. అది చదివి కాసేపు పుస్తకం మూసేశానే. పాడుతున్నది పసిపిల్ల, ఇంటికి తెచ్చేది బియ్యం డబ్బు. అయినా ఆ తల్లి బిడ్డకు చెప్పింది భయపడకుండా పాడమని మాత్రమే.

వీళ్ళ సొంత సీమ వాస్సులు, మాలికి దక్షిణాన అడవులున్న ప్రాంతం. అక్కడి సంప్రదాయమే ఆమె బలం అని నాకనిపిస్తోంది. మాలిలో 'జెలీ' అనే వంశపారంపర్య గాయకులు ఉంటారు. రాజుల్నీ, పెద్ద కుటుంబాల్నీ, వాళ్ళ వంశాల్నీ పొగడడం వాళ్ళ వృత్తి, మన దగ్గర భట్రాజుల లాగా. వాస్సులు గాయకులది అలాంటి కులవృత్తి కాదు. గొంతు ఉన్నవాళ్ళు పాడతారు. వాళ్ళని 'కోనో' అంటారు, అంటే పిట్ట. పిట్ట ఎవరి ఉప్పూ తినలేదు కదా, తనకు తోచింది పాడుతుంది. ఊమూ పాడాలనుకున్నది అమ్మ పడిన కష్టం. సవతుల పోరు, బలవంతపు పెళ్ళి, డబ్బు పోసి పిల్లను కొనుక్కున్నట్టు చేసే సంబంధాలు.

1989లో, ఇరవై ఒక్కేళ్ళకి, పొరుగు దేశమైన ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ వెళ్ళి మొదటి క్యాసెట్ రికార్డు చేసింది. పేరు 'ముసోలు'. వాళ్ళ బంబారా భాషలో 'ఆడవాళ్ళు' అని అర్థం, అంతే. రెండు లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అందులో ఒక పాట వలపు గురించి, ప్రియుడు తాకితే ఒంట్లో పుట్టే వణుకు గురించి. ఆడది నోరు తెరిచి ఆ మాట అనడమేమిటని పెద్దలు మండిపడితే, కుర్రకారు క్యాసెట్ అరిగేదాకా విన్నారు.

వాయిద్యాల గురించి చెప్పకపోతే నాకు తోచదు. 'కమెలెన్‌గోని' అని ఒకటుంది, పెద్ద సొరకాయ బుర్రకి తోలు బిగించి తీగలు కట్టినది. వేటగాళ్ళు తమ పూజల్లో వాయించే పవిత్రమైన వాయిద్యాన్ని చూసి, కుర్రాళ్ళు తమ సరదా కోసం చేసుకున్నారు. పేరుకి అర్థం కూడా కుర్రాళ్ళ వాయిద్యం అనే. దాని మోత చెవికన్నా ముందు నడుముకి తగులుతుంది. ఇంకోటి 'ఫ్లే', చుట్టూ గవ్వలు కట్టిన సొరకాయ చిప్ప. ఆడవాళ్ళు దాన్ని గలగలమనిపిస్తూ పైకి ఎగరేసి, తాళం తప్పకుండా పట్టుకుంటారు. ఆమె ఒక మాట అంటే వెనకున్న ఆడవాళ్ళంతా అందుకుంటారు, నాట్లప్పుడు మన అమ్మమ్మల ఊళ్ళో విన్నట్టే.

1996 నాటి ఆల్బం పేరు 'వొరొతాన్', అంటే పది కోలా కాయలు. అక్కడ పెళ్ళి మాట ఖాయం చేసుకోవడానికి కోలా కాయలు ఇచ్చుకుంటారు, మనం తాంబూలాలు పుచ్చుకున్నట్టు. పది కాయలకి ఆడపిల్ల బతుకు అత్తింటికి రాసిచ్చేసినట్టేనా అని ఆమె ప్రశ్న. తమాషా చూడు, అక్కడ మగపెళ్ళివారు ఇస్తారు, ఇక్కడ ఆడపెళ్ళివారు కట్నం పోస్తారు. డబ్బు ఎటు నడిచినా బేరంలో ఉన్నది పిల్లే.

2003లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థకు రాయబారి అయింది. 2011లో ఒక బృంద గీతానికి గ్రామీ వచ్చింది. నాకు వీటికన్నా బమాకోలో ఆమె కట్టిన హోటల్ ఎక్కువ నచ్చింది. ఆడది తన కాళ్ళ మీద తను నిలబడాలని పాడింది, హోటల్ కట్టి నిలబడి చూపించింది.

ఒక్క విషయం మాత్రం మింగుడు పడట్లేదు. 2009లో మాలి పార్లమెంటు ఆడవాళ్ళకు మేలు చేసే కుటుంబ చట్టం ఆమోదిస్తే, మత సంఘాలు వేలమందితో రోడ్డెక్కాయి. అధ్యక్షుడు దాన్ని వెనక్కి పంపేశాడు. 2011లో వచ్చిన చట్టంలో భార్య భర్తకు విధేయురాలిగా ఉండాలన్న మాట మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆడపిల్ల పెళ్ళి వయసు 16. అప్పటికి ఆమె ఇరవై ఏళ్ళకు పైగా పాడుతోంది! చదివి నాకు నిద్ర పట్టలేదు. కానీ ఆమె ఆగలేదు. 2017లో ఒకటి, 2022లో 'టింబక్టు' అని ఇంకొకటి ఆల్బంలు తెచ్చింది. ఆ రెండోది లాక్‌డౌన్‌లో అమెరికాలో చిక్కుకుపోయినప్పుడు కట్టిన పాటలు.

నువ్వు 'ముసోలు'తో మొదలుపెట్టు. ఫోను స్పీకర్‌లో వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకో, లేకపోతే ఆ తీగల మోత అందదు. బాబు పడుకున్నాక విను. విన్నాక మీ అత్తయ్యగారికి కూడా ఒకటి వినిపించు, ఆవిడ ఏమంటారో నాకు రాయి. అమ్మ మాత్రం రోజూ సాయంత్రం "ఆ నిలదీసే అమ్మాయిని పెట్టవే" అని అడుగుతోంది.

నీ
పాత బెంచీ దోస్తు