బూడిద లారీలకు టార్పాలిన్ కప్పించండి
గౌరవనీయులైన కాలుష్య నియంత్రణ అధికారి గారికి,

మా అర్జీలకు రసీదులు తప్ప జవాబు రాలేదు కనుక, విజయవాడ ప్రజల సాక్షిగా ఈ లేఖ రాస్తున్నాను.

ఆవిరి ఇంజన్లతోనే బొగ్గు పీడ విరగడైందనుకున్నాం. కానీ నేటి రైళ్లను నడిపే కరెంటులోనూ అధిక భాగం బొగ్గుదే, మన దేశపు బొగ్గులో 30 నుంచి 40 శాతం దాకా బూడిదే. కరెంటు కోసం బొగ్గును కాల్చాక మిగిలే ఆ బూడిదను ఇటుకల తయారీకి మోసే లారీలు పైన ఏ కప్పూ లేకుండా మా వీధి మలుపు తిరిగినప్పుడల్లా, ఆరేసిన బట్టల మీద, మూత తీసిన అన్నం గిన్నెలో మెత్తటి పొడి పేరుకుంటోంది. ఉబ్బసంతో బాధపడే మా పక్కింటి పెద్దావిడ ఎండాకాలంలోనూ తలుపులు బిగించుకునే ఉంటున్నారు. బెజవాడ ఉక్కపోత గురించి తమకు వేరే చెప్పనక్కరలేదు.

టార్పాలిన్ కప్పని ఏ లారీనీ బూడిద నింపిన చోటు నుంచి కదలనివ్వరాదని ఆదేశించి, దాని అమలు వివరాలను ప్రతి నెలా ప్రజలకు వెల్లడించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విజయవాడ పౌరుడు