మనుషులు ఇంట్లో కూర్చోనక్కర్లేదు, సముద్రం వైపు తిప్పిన లైట్లు ఆరితే చాలు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో కరోనా రోజుల ఫొటోలు మళ్లీ వేశారు. ఖాళీ బీచ్ రోడ్డు, తేటగా ఉన్న సముద్రం, ఇసుక మీద తాబేలు పాకిన జాడ. మనిషి తలుపేసుకుంటే ప్రకృతి ఊపిరి పీల్చుకుందని కింద రాశారు. మా ఆవిడ ఆ తాబేలు ఫొటో చూసి "ఇదిగో, నీ పిల్లల గురించి వేశారు" అంటూ పేపరు తెచ్చి చేతిలో పెట్టింది. మొదటిసారి సంతోషంగానే చదివాను. రెండోసారి చదివాక మనసు ఒప్పుకోలేదు. అందుకే రాస్తున్నాను.

నాది విశాఖపట్నానికీ భీమిలికీ మధ్య ఉన్న ఒక జాలరి పేట. ముప్పై ఏళ్లు వేటకు వెళ్లాను. నడుము పట్టేశాక పడవ ఎక్కలేక, ఏటా జనవరి నుంచి మే దాకా ఒడ్డున తాబేళ్ల గుడ్లకు కాపలా ఉంటున్నాను. ఆలివ్ రిడ్లే అంటారే, అవి. రాత్రుళ్లు టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుని తీరం వెంట నడవడం, తల్లి తాబేలు గుడ్లు పెట్టి వెళ్లిపోయాక వాటిని తీసి అటవీ శాఖ వాళ్ల హేచరీలో, అంటే గుడ్లు పొదిగేందుకు కంచె కట్టిన ఇసుకలో, పాతిపెట్టడం, పిల్లలు బయటికొచ్చాక సముద్రంలోకి పంపడం నా పని. 2020లో కూడా అదే ఒడ్డున ఉన్నాను. అప్పుడు మీరు ఫొటోల్లో చూసినవి కొన్ని నిజమే. ఫొటోల్లోకి రానివి ఇంకా ఉన్నాయి.

ఆ ఏడు మార్చి 25న లాక్‌డౌన్ మొదలైతే, మూడు రాత్రులు నేను కాపలాకు వెళ్లలేకపోయాను. దారిలో ఆపేసేవారు. అటవీ శాఖ బీట్ ఆఫీసరు గారు మాట్లాడి కాగితం ఇప్పించాక గానీ కుదరలేదు. ఈలోగా ఒడ్డున బజ్జీల బండ్లు, చేపల వేపుడు కొట్లు మూతపడ్డాయి. ఎంగిలి మీద బతికే కుక్కలకు తిండి లేదు. పడవలు రాకపోయేసరికి చేపల తలకాయలు, పేగులు కూడా లేవు. అవి గుంపులు కట్టి ఇసుక తవ్వడం మొదలుపెట్టాయి. నాలుగో నాటి తెల్లవారుజామున నేను వెళ్లేసరికి రెండు గూళ్లు తవ్వేసి ఉన్నాయి. తాబేలు గుడ్డు పెంకు కోడిగుడ్డులా గట్టిగా ఉండదు, తోలులా మెత్తగా ఉంటుంది. చింపి పారేసిన కాగితాల్లా ఇసుకంతా అవే. జనం లేని ఒడ్డు అంటే అందరూ స్వర్గం అనుకుంటారు. నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ పెంకులే.

ఇక మంచి చెబుతాను. అది కూడా నా కళ్లతో చూసిందే.

మార్చి మొదటి వారంలో ఒక తల్లి గుడ్లు పెట్టిన చోటు మాకు పొద్దెక్కాక గానీ కనిపించలేదు. గుడ్లు పెట్టిన కొద్ది గంటల్లోపే తరలించాలి. ఆలస్యమైతే లోపల పిండం పెంకుకు అతుక్కుంటుంది, అప్పుడు కదిపితే చచ్చిపోతుంది. అందుకని దాన్ని అక్కడే వదిలేసి చుట్టూ పాత వలతో కంచె కట్టాం. కుక్కల గొడవ మొదలయ్యాక నేను ఆ కంచె పక్కనే పడుకునేవాణ్ణి. ఏప్రిల్ 22, అమావాస్య. మా తమ్ముడి కొడుకు తోడుగా వచ్చాడు. రాత్రి పదకొండు దాటాక వాడే లేపాడు, "పెదనాన్నా, ఇసుక కదులుతోంది" అని.

చూస్తే గూడు మీద ఇసుక చిన్న గిన్నెంత గుంటపడింది. అందులోంచి ఒక తల, దాని పక్కన ఇంకో తల. ఇసుక చల్లబడేదాకా అవి లోపలే పైవరసలో ఆగి ఉంటాయి, చల్లబడ్డాక ఒక్కసారిగా పొంగుతాయి, పాలు పొంగినట్టే. బొటనవేలంత నల్లటి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతూ బయటికొచ్చాయి. మేం కంచె ఎత్తి పక్కకు జరిగాం, టార్చి వేయలేదు. చుక్కల వెలుతురుకు సముద్రం మీద ఒక తెల్లని చార మాత్రం కనిపిస్తోంది. అన్నీ అటే తిరిగాయి. ఒక్కటీ వెనక్కి చూడలేదు. తడి ఇసుక దాకా గీత గీసినట్టు వెళ్లాయి, కెరటం వచ్చి ఎత్తుకుంది. మావాడు లెక్కపెట్టాడు, 97. నేను మళ్లీ లెక్కపెట్టలేదు, కళ్లు తుడుచుకుంటున్నాను.

ఎందుకంటే 2018లో ఇదే చోట, నూరు గజాలు ఇవతల, ఇలాంటి గూడే పగిలింది. అప్పుడు రోడ్డు అవతల ఉన్న లాన్‌లో పెళ్లి. సముద్రం కనిపించాలని పెద్ద పెద్ద లైట్లు ఇటు తిప్పి కట్టారు. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు తెలిసింది ఒక్కటే, ఎటు వెలుతురు ఎక్కువుంటే అటే సముద్రం. వేల ఏళ్లుగా రాత్రిపూట ఒడ్డున వెలుతురుండేది నీళ్ల మీదే, ఆ లెక్క దానికి పుట్టుకతో వచ్చింది. ఆ రాత్రి పిల్లలన్నీ పెళ్లి వైపు నడిచాయి. గేటు కింద నుంచి దూరాయి, రోడ్డెక్కాయి. తెల్లారేసరికి కొన్ని టైర్ల కింద నలిగిపోయాయి. కొన్ని లాన్ గడ్డిలో ఎండకు ఎండిపోయి, ముట్టుకుంటే గలగలమన్నాయి. పీతలు, కాకులు తీసుకుపోయినవి ఎన్నో తెలియదు. మేం బతికించి సముద్రంలో వేసినవి ఒక తట్టలో సగం కూడా లేవు.

2020 ఏప్రిల్లో ఆ లాన్ మూసేశారు, పక్కనున్న గెస్ట్‌హౌసులూ హోటళ్లూ మూసేశారు. వీధి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, మా పేటలో ఇళ్ల లైట్లూ వెలుగుతున్నాయి. సముద్రం వైపు తిప్పిన పెద్ద లైట్లు మాత్రం ఆరాయి. పిల్లలకు అంతే కావలసింది. కాబట్టి జనం ఇళ్లలో ఉన్నందుకు అవి బతికాయని రాస్తే తప్పు. ఆ లైట్లు ఆరినందుకు బతికాయి. ఈ రెండూ ఒకటి కావు. జనాన్ని మళ్లీ ఇళ్లలో కూర్చోబెట్టలేం, కూర్చోబెట్టకూడదు. లైటు ఆర్పడానికి మాత్రం ఒక స్విచ్చి చాలు.

లాక్‌డౌన్ వల్లే ఒడిశాలోని రుషికుల్య దగ్గర తాబేళ్లు లక్షల్లో వచ్చాయని అప్పట్లో ఫోన్లలో తెగ తిరిగింది. అక్కడి జాలరి పేటల్లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, మాకు చుట్టరికాలు కూడా ఉన్నాయి, అందుకే చెబుతున్నాను, ఆ మాట నిజం కాదు. తాబేళ్లు నవంబరు నుంచే ఒడ్డుకు దగ్గర్లో జత కడతాయి. మార్చి చివరికి గుడ్లు పెట్టడానికి ఎక్కుతాయి. బీచ్‌లో జనం ఉన్నారా లేరా అని సముద్రంలోంచి చూసుకుని బయలుదేరవు. వెనిస్ కాలవల్లో డాల్ఫిన్లు అని కూడా వచ్చింది, ఆ వీడియో వేరే ఊరిదని తర్వాత తేలింది. మంచి వార్త కోసం అందరి ప్రాణం కొట్టుకుంటున్న రోజులవి, నమ్మినవాళ్లను తప్పు పట్టను. ఇన్నేళ్ల తర్వాత కూడా అదే మాట అచ్చులో చూస్తే బాధేసింది.

మా జాలర్లు ఆ రోజుల్లో ఎలా ఉన్నారో మీ ఫొటోల్లో లేదు. మా మేనల్లుడు గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద పనికి వెళ్లాడు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ నుంచి వెళ్లినవాళ్లు నాలుగు వేల మందికి పైగా అక్కడ చిక్కుపడ్డారు. నెలకు పైగా బోట్ల మీదే వండుకుని, బోట్ల మీదే పడుకున్నారు. బస్సుల్లో వాళ్లు ఇళ్లకు చేరేసరికి మే వచ్చింది. ఇక్కడ చూస్తే మార్చి ఆఖరి నుంచే వేట లేదు. ఏప్రిల్ 15 నుంచి ఎలాగూ నిషేధం. మామూలుగా అది జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలం. జాలర్లు అప్పటికే నష్టపోయారని ఆ ఏడు మే 31కే ఎత్తేశారు, 47 రోజులైంది. అంటే చేపకు అచ్చంగా కావలసిన జూన్ రెండు వారాలు పోయాయి. ఆకలితో ఉన్నవాడికి పద్నాలుగు రోజులు ఎక్కువ వేట ఇవ్వడాన్ని నేను తప్పనను, మా ఇంట్లో కూడా పొయ్యి వెలగాలి. కానీ ప్రకృతికి అంతా లాభమే జరిగిందని ఎలా అంటాం?

ఒక్క మేలు మాత్రం చెప్పాలి. పడవలు ఆగిన ఆ వారాల్లో చచ్చిన తాబేళ్లు మా ఒడ్డుకు కొట్టుకు రాలేదు. బోటు వెనకాల లాగే ట్రాల్ వలలో చిక్కితే తాబేలు ఊపిరికి పైకి రాలేక చచ్చిపోతుంది. వలకు కడ్డీల చట్రం ఒకటి బిగిస్తే చేప లోపలికి పోతుంది, తాబేలు పక్కనున్న దారిన బయటపడుతుంది. చేప కూడా జారిపోతుందని మా బోటు వాళ్ల భయం. ఆ భయం తీరేలా వాళ్ల వలకే కట్టి, వాళ్ల కళ్ల ముందే లాగి చూపించాలి. మీటింగులు పెట్టి చెబితే ఎవరూ వినరు.

గాలి సంగతి కూడా రాశారు. హేచరీకి ఆంధ్రా యూనివర్సిటీ పిల్లలు వస్తుంటారు, వాళ్లలో ఒకమ్మాయి నాకు వివరంగా చెప్పింది. 2020 ఏప్రిల్ మొదట్లో ప్రపంచం మొత్తం మీద రోజూ వదిలే కార్బన్ డయాక్సైడు అంతకుముందు ఏడాదితో పోలిస్తే సుమారు 17 శాతం తగ్గిందట. అదే ఏడాది మే నెలలో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలిస్తే గాలిలో అది పది లక్షల పాళ్లకు 417 పాళ్లు ఉందట, అక్కడ కొలవడం మొదలుపెట్టాక అప్పటిదాకా అంత ఎప్పుడూ లేదు. ఇదెలా సాధ్యం అన్నాను. "తాతయ్యా, మీ పడవకు చిల్లు పడిందనుకోండి. నీళ్లు కొంచెం నెమ్మదిగా వచ్చినంత మాత్రాన పడవ ఖాళీ అవుతుందా?" అంది. చిల్లు పడిన పడవలో ఇంటికొచ్చిన మనిషిని, నాకు వెంటనే అర్థమైంది.

అప్పుడు వచ్చి ఇప్పటికీ పోనిది ఇంకొకటి ఉంది. ఆ ఏడు వానాకాలం నుంచి ఒడ్డున లాగే పెద్దవలలో మాస్కులు రావడం మొదలైంది. నీలం మాస్కులు, గ్లవ్సులు, శానిటైజర్ సీసాలు. మాస్కు గుడ్డ అనుకుంటారు చాలామంది. మేం వలలకు కట్టే ప్లాస్టిక్ తాడు ఏ సరుకో ఆ మాస్కూ ఎక్కువ భాగం అదే సరుకు, సముద్రంలో కుళ్లదు. 2021లో రెండో వేవ్ నడుస్తుండగా, ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున ఒక పిల్ల తడి ఇసుక మీద గింజుకుంటూ కనిపించింది. మాస్కు చెవి తాడు దాని ముందు రెక్కకూ మెడకూ కలిపి పడింది. ఎంత ముందుకు పాకితే అంత బిగుస్తోంది. వెనకాల మాస్కు తడిసి, ఇసుక నిండి, దానికంటే బరువుగా ఉంది. ఆ మాస్కు ఎవరు కట్టుకున్నారో, వాళ్లు బతికారో లేదో అనుకుంటూ గోళ్లతో తాడు తెంపాను. నాకు ఎవరి మీదా కోపం రాలేదు. ప్రాణభయంతో కట్టుకున్నది అది. కట్టుకోమని చెప్పినంత గట్టిగా ఎక్కడ పడేయాలో కూడా చెప్పి ఉండాల్సింది.

అన్నీ ఆపేస్తే చాలు అనే మాట మా విశాఖవాళ్ల దగ్గర అనకండి. 2020 మే 7 తెల్లవారుజామున ఇక్కడ లీకైన స్టైరీన్ గ్యాసు, లాక్‌డౌన్లో ఆగిపోయి ఉన్న ఫ్యాక్టరీ ట్యాంకులోంచే వచ్చింది. నిద్రలో ఉన్న జనం మీద పడింది. 12 మంది పోయారు, పశువులు పోయాయి, చెట్ల ఆకులు మాడిపోయాయి. అక్కడ పని ఆగింది, కనిపెట్టుకుని ఉండడం కూడా ఆగింది.

ఇంతకీ నేను అడిగేది చిన్నది. జనవరిలో తల్లులు మళ్లీ ఎక్కుతాయి, మే దాకా పిల్లలు వస్తూనే ఉంటాయి. ఆ అయిదు నెలలు సముద్రం వైపు తిప్పిన లైట్లు రాత్రి ఆర్పేయాలి. కుదరకపోతే కిందికి తిప్పి, సముద్రం పక్క ఒక రేకు అడ్డం పెట్టాలి. తెల్ల లైటు బదులు ఎరుపు కలిసిన పసుపు లైటు పెట్టుకున్నా నష్టం తగ్గుతుంది. హోటళ్లు మూసేయమని నేను అడగడం లేదు. మా వాళ్ల చేపలు కొనేది వాళ్లే, మా చిన్నోడు అక్కడే వంటింట్లో పని చేస్తున్నాడు.

మొన్న రాత్రి మా పేట నుంచి ఉత్తరంగా రెండు కిలోమీటర్లు నడిచి లెక్కపెట్టాను. సముద్రం మీదికి కొట్టే లైట్లు 23. వాటి యజమానులు ఏడుగురు, అందరినీ కలిశాను. ముగ్గురు సరేనన్నారు, వాళ్లలో ఒకాయన అప్పుడే మనిషిని పిలిపించి రేకు బిగించేశాడు. ఇద్దరు చూద్దాం అన్నారు. మిగతా ఇద్దరు లాక్‌డౌన్లో తాబేళ్లు బాగానే పెరిగాయని పేపర్లో వచ్చింది కదా అని మీ ఆదివారం పేజీయే నాకు చూపించారు. ఈ ఉత్తరం అచ్చు వేస్తే, ఆ కటింగు పట్టుకుని మళ్లీ ఆ ఇద్దరి దగ్గరికే వెళ్తాను.

ఇట్లు,
తాబేళ్ల గుడ్ల కాపలాదారు,
భీమిలి తీరం, విశాఖపట్నం జిల్లా