మేయర్ నుంచి ప్రధాని దాకా వెళ్ళిన జర్మన్ మాస్టారు

సంపాదకుల వారికి నమస్కారం,

మాది అనంతపురం జిల్లా, బెంగళూరొచ్చి ఇరవై ఏళ్ళైంది, ఇక్కడ స్కూల్లో పిల్లలకి జర్మన్ చెప్తా. మొన్న క్లాసులో ఒక పిల్లాడు "మ్యామ్, లాంగ్వేజ్ టీచర్లు పాలిటిక్స్ లోకి వెళ్తారా" అని అడిగితే ఫ్రాన్స్ మాజీ ప్రధాని ఝాన్ మార్క్ ఎరో గురించి చెప్పాను, ఇంటికొచ్చినా ఆ ఆలోచన వదల్లేదు.

ఆయన ఫ్రాన్స్ లో జర్మన్ టీచరే. వాళ్ళ నాన్న బట్టల మిల్లులో పనిచేశారు, అమ్మ కుట్టుపని. 1977లో నాంత్ నగరం పక్కనున్న సాంతెర్బ్లాన్ అనే ఊరికి మేయరయ్యేటప్పటికి వయసు 27. మేయరయ్యాక కూడా టీచర్ ఉద్యోగం వదల్లేదు, 1986లో ఎంపీ అయ్యేదాకా. 1989 నుంచి 2012 దాకా నాంత్ మేయర్, అక్కణ్ణుంచి నేరుగా ప్రధాని, అంతకుముందు ఒక్కసారి కూడా మంత్రి కాలేదు!

ఆయన చేసినవాటిలో నా మనసుకి బాగా పట్టిన పని ఒకటుంది. బానిసల వ్యాపారంలో ఫ్రాన్స్ రేవులన్నిట్లో నాంత్ దే పైచెయ్యి, ఊళ్ళో చాలాకాలం ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. ఆయన హయాంలోనే నది ఒడ్డున స్మారకం కట్టి 2012 మార్చిలో తెరిచారు, నేలలో దాదాపు 2000 గాజు పలకలు, చాలావాటి మీద బానిసల వ్యాపారం చేసిన ఓడల పేర్లు, బయల్దేరిన తేదీలు. తల వంచి చదువుకుంటూ నడవాల్సిందే. సొంత ఊరి తప్పు ఊరి నడుమే రాయించడానికి ఎంత గుండె కావాలండీ.

ప్రధానిగా రెండేళ్ళు కూడా నిండలేదు, 2014 మార్చి మునిసిపల్ ఎన్నికల్లో పార్టీ చిత్తుగా ఓడిపోయాక దిగిపోయారు. నాంత్ దగ్గర ఎయిర్‌పోర్ట్ కావాలని పట్టుబట్టడం మాత్రం నాకు నచ్చలేదు, రైతులు ఏళ్ళ తరబడి కొట్లాడితే 2018లో ప్రభుత్వమే వద్దనుకుంది.

మన బెంగళూరు చూడండి. మేయర్ గడువు ఒక్క ఏడాదే ఉండేది, ఏడాదిలో ఎవరైనా ఏం చేస్తారు? 2020 సెప్టెంబర్ లో కార్పొరేషన్ కౌన్సిల్ గడువు అయిపోతే కార్పొరేటర్లు లేకుండానే ఐదేళ్ళు దాటిపోయాయి, 2025లో ఊరిని ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టారు. మా వీధి మొగలో మోరీ మీద బండ విరిగి ఒక ముసలాయన కాలు ఇరుక్కుంది. యాప్ లో కంప్లైంట్ ఇస్తే బండ వెయ్యకుండానే పని అయిపోయిందని మెసేజ్ వచ్చింది, ఆఖరికి మేమే తలా 500 వేసుకుని వేయించుకున్నాం. ముందైతే పొద్దున్నే కార్పొరేటర్ ఇంటి ముందు నిలబడి అడిగేవాళ్ళం, తిట్టేవాళ్ళం కూడా.

ఇంకోటి, ఫ్రాన్స్ లో గవర్నమెంట్ టీచర్ ఎన్నికల్లో గెలిస్తే ఉద్యోగం పక్కన పెట్టి వెళ్ళి మళ్ళీ తిరిగి రావచ్చు, ఇక్కడ నిలబడాలంటేనే రాజీనామా చెయ్యాలి. పిల్లల ఫీజులు కట్టుకునే టీచర్ ఎవరు చేస్తారు ఆ పని?

మీరు బెంగళూరు ఎడిషన్ లో కార్పొరేషన్ ఎన్నికల్లో వార్డుల వారీగా ఎవరు నిలబడుతున్నారు, అంతకుముందు ఏం పని చేసేవాళ్ళు అని రాయండి, ముఖ్యంగా మన తెలుగువాళ్ళు ఎక్కువున్న వార్డులవి, మా స్టాఫ్ రూమ్ లో అందరం చదువుతాం.

ఇట్లు,
ఒక జర్మన్ టీచర్, బెంగళూరు