శవం ఎదురీదదు బిడ్డా

నల్లగొండ

బిడ్డా,

నువ్వు రాసిన పుస్తకాలు రెండూ అందాయి. థ్రిల్లర్ రెండు రాత్రుల్లో అయిపోయింది. కథల పుస్తకం వారం నుంచి చేతిలోనే ఉంది. మీ అమ్మ థ్రిల్లర్ అట్ట మీది కళ్లు చూసి భయపడి, దాన్ని టీవీ వెనక దాచింది.

ముందు థ్రిల్లర్ సంగతి. బాగా పరుగెత్తించావు. 150 పేజీల దాకా ఆ లారీ డ్రైవర్ మీదికి నా అనుమానం పోలేదు. కానీ ఇరవై ఏళ్లు పోలీస్ స్టేషన్ రైటర్‌గా పంచనామాలు రాసినవాణ్ని, ఊరుకోలేను. వేములపల్లి వంతెన మీంచి సాగర్ ఎడమ కాలువలోకి తోసిన మనిషి హాలియాలో ఎట్లా తేలాడమ్మా? సాగర్ నీళ్లు హాలియా దాటాకే వేములపల్లికి వస్తాయి. శవం ఎదురీదదు. మిర్యాలగూడ పోయేటప్పుడల్లా బస్సు కిటికీలోంచి ఆ కాలువను చూసినదానివే కదా! తోసిన రాత్రే తేలిందని కూడా రాశావు. మునిగిన శవం ముందు అడుగుకే పోతుంది. లోపల కుళ్లి గ్యాస్ పట్టాకే పైకి వస్తుంది. ఎండాకాలమైతే ఒకటి రెండు రోజులు, చలికాలమైతే ఇంకా ఎక్కువ. ఈలోపు పారే నీళ్లలో ఎంత దూరం పోయి ఏ షట్టర్‌కు తట్టుకుంటుందో చెప్పలేం. మేం వెతుక్కుంటూ పోయేది కింది వైపుకే.

అర్ధరాత్రి పోస్టుమార్టం ఒకటి. సౌకర్యాలున్న ఆస్పత్రుల్లో పొద్దుగూకాక కూడా చేయొచ్చని 2021 నవంబరులో కేంద్రం చెప్పిన మాట నిజమే. కానీ హత్య, ఆత్మహత్య, అనుమానపు చావు, కుళ్లిన శవం అయితే కుదరదు, శాంతిభద్రతల ఇబ్బంది ఉంటే తప్ప. నీ నవలలో ఊరంతా నిద్రపోతోంది! డాక్టరమ్మను పొద్దున్నే రానీయి. రాత్రంతా మార్చురీ బయట వేపచెట్టు కింద కూర్చున్న ఇంటివాళ్లను చూపించు, అంతకన్నా టెన్షన్ ఏముంటుంది? ఇంకొకటి, నీ నవల నడిచేది 2025లో. శవ పంచనామాకు ఎస్సై ఇంకా పాత చట్టం సీఆర్‌పీసీ 174వ సెక్షన్ అంటున్నాడు. 2024 జూలై 1 నుంచి అది కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 194వ సెక్షన్. మా పాతవాళ్ల నోట 174 రావచ్చు గానీ కుర్ర ఎస్సై అట్లా రాయడు.

ఇవన్నీ రెండో ముద్రణలో దిద్దుకోవచ్చు. కథల పుస్తకంలో ఐదో కథ దగ్గర మాత్రం ఎర్ర పెన్ను పక్కన పెట్టేశాను. కొడుక్కి సద్ది కట్టి పంపిన తల్లి దగ్గరికి పోలీసులు వస్తారు. హంతకుడు లేడు. కొడుకు ఎందుకు పోయాడో నువ్వు చెప్పలేదు. మూడున్నర పేజీలు, అంతే.

శవ పంచనామాలో ఒక గడి ఉంటుంది: మృతుణ్ని ప్రాణాలతో ఆఖరుసారి చూసింది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ. దాన్ని ఎన్ని వందలసార్లు నింపానో. ఒకసారి దేవరకొండ వైపు, బావి గడ్డ మీద ఒక తల్లిని అదే అడిగాను. కొడుకు ఆ పొద్దున ఏ అంగీ తొడిగాడో, ఊడిన గుండీ తను ఎట్లా కుట్టిందో, గడప దాటినవాడు మళ్లీ వెనక్కి వచ్చి చెంబెడు నీళ్లు తాగి పోయాడో, చెబుతూనే ఉంది. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. పంచనామాకు సాక్షులుగా కూర్చున్న పంచాయతీదార్లు తొందరపెడుతున్నారు. నేను ‘తల్లి, ఉదయం సుమారు 7 గంటలకు, ఇంటి వద్ద’ అని రాసి కింది గడికి పోయాను. ఆ గడిలో అంతకు మించి చోటు కూడా లేదు. ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. నువ్వెక్కడ పట్టుకున్నావో!

థ్రిల్లరే ఎక్కువ పోతుందని మీ పబ్లిషర్ అన్నాడన్నావు. పోనీ, మంచిదే. తర్వాతది కూడా అదే రాయి, కాలువ పటం నేను గీసి పంపుతాను. ఐదో కథ చివర ఇంకో పేరా కలపమని ఎవరో అన్నారట కదా, కలపకు. గుండీ సంగతి ఎక్కడైనా పనికొస్తే వాడుకో. అంగీ తెల్లది, కుట్టిన దారం నల్లది.

మీ నాయిన