ఆ స్పీకర్లే ఎందుకు ఎప్పుడూ అమ్మకానికి ఉంటాయి

చిన్నోడా,

అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందని నాన్న చెప్పారు, మనసు కుదుటపడింది. నువ్వు పంపిన పాత బోస్ స్పీకర్ల ఫోటోలు చూశాను. ఈ కంపెనీవి ఎప్పుడు చూసినా సెకండ్‌హ్యాండ్‌లో ఉంటున్నాయి, బాగుంటే ఎవరైనా అమ్ముకుంటారా అన్నావు. అలా తేల్చెయ్యకు. హైదరాబాద్‌లో పాత కార్లు అమ్మే చోట మారుతీలే ఎక్కువుంటాయి, కొన్నవాళ్ళు అంతమంది కాబట్టి. బోస్, జేబీఎల్, క్లిప్ష్ కూడా అంతే, దశాబ్దాలుగా ఇంటింటికీ చేరాయి. పైగా పెద్ద స్పీకర్లు బరువు, ఊరు మారేటప్పుడు పార్సిల్ ఖర్చు తడిసి మోపెడవుతుంది, అందుకే ముందు వాటినే అమ్మేస్తారు.

ఇంకో రకం ఉంది. స్పీకర్ మంచిదే, ఇల్లే సరిపోదు. నువ్వు చూస్తున్న బోస్ 901 సరిగ్గా అలాంటిదే. బోస్ కంపెనీ పెట్టిన అమర్ బోస్ 1968లో తెచ్చిన మోడల్ అది. ఒక్కో దాని లోపల తొమ్మిది చిన్న డ్రైవర్లు, అంటే శబ్దం పుట్టించే భాగాలు, ఉంటే ఒక్కటే మనవైపు, మిగతా ఎనిమిదీ వెనక గోడవైపు తిరిగి ఉంటాయి, ఆ గోడకి తగిలి వచ్చే శబ్దమే హాలంతా నింపుతుంది. మరి మన కూకట్‌పల్లి ఫ్లాట్‌లో వెనక ఏముంది? ఒకవైపు బాల్కనీ అద్దం తలుపు, రెండోవైపు మందపాటి కర్టెన్. ఒకవైపు శబ్దం కొట్టొచ్చినట్టు, ఇంకోవైపు చచ్చినట్టు వినిపిస్తుంది. ఇలాంటి హాల్లో పెట్టుకున్నవాళ్ళే కొన్నాళ్ళకి విసుగొచ్చి అమ్మేస్తారు. దానికితోడు ఆ మోడల్‌కి విడిగా ఈక్వలైజర్ పెట్టె (హెచ్చు తగ్గు శబ్దాలని సరిచేసేది) ఉండాలి, అది లేకపోతే బేస్ రాదు, పై శబ్దాలూ రావు. అది పోగొట్టుకుని ఉత్త స్పీకర్లు అమ్మేవాళ్ళు చాలామంది. పెట్టె ఉన్నా, అమెరికా నుంచి తెచ్చుకున్నదైతే 120 వోల్టులది కావచ్చు, నేరుగా మన ప్లగ్గులో పెట్టావో కాలిపోతుంది, వెనక రాసింది చదువు.

నేనుండే మిన్నెసోటాలోనే మ్యాగ్నెపాన్ అనే కంపెనీ ఉంది. దాదాపు మనిషెత్తు పల్చటి ప్యానెళ్ళు, పాడే గొంతు ఎదురుగా నిలబడినట్టే ఉంటుంది, నాకు ప్రాణం. కానీ గోడకి రెండు మూడు అడుగులు ముందుకి జరపాలి, గట్టి యాంప్లిఫయర్ కావాలి. హాల్లో నడిచే దారికి అడ్డమని ఇంట్లోవాళ్ళు గోల పెడితే అమ్మకానికి పెడతారు. కెఫ్ కంపెనీ చిన్న స్పీకర్ ఎల్‌ఎస్50, 2012లో వచ్చింది, దాని సంగతి వేరు. కొన్నవాళ్ళు ఇంకా పెద్దది కావాలని మారతారు, ఒక్క గీత పడకుండా చూసుకుంటారు కూడా. చిన్న గదికి అలాంటిది దొరికితే కళ్ళు మూసుకుని తీసుకో.

ఇక వయసు. చాలా పాత స్పీకర్లలో కోన్ (డ్రైవర్‌లో కదిలే గరాటు లాంటి భాగం) చుట్టూ ఫోమ్ అంచు ఉంటుంది, పదిహేను ఇరవై ఏళ్ళకి గాలికీ తేమకీ పొడిపొడి అయిపోతుంది. 901లో అయితే 1976 నాటి సిరీస్ 3 నుంచి ఫోమే. ముందు జాలీ తీయించి వేలితో మెల్లగా తాకు, జిగటగా నల్లగా అంటుకున్నా, చిన్న ముక్క రాలినా, ఒక్కో స్పీకర్‌లో తొమ్మిదింటి అంచులూ మార్పించాల్సిందే. ఒక్కో దానికి ఎంతవుతుందో కోఠి గుజరాతీ గల్లీలో అడిగి, ఆ మొత్తం ధరలో తగ్గించమను. తగ్గించనంటే వదిలేయ్.

అన్నట్టు, ఎందుకు అమ్ముతున్నారో అమ్మేవాణ్ణే మొహమాటం లేకుండా అడుగు. ఇల్లు మారుతున్నా అంటే పర్లేదు, సౌండ్ నచ్చలేదంటే అతని గది చూడు. నీ ఫోన్‌లో మనకి బాగా తెలిసిన పాటలే పెట్టించి, వీడియో తీసి నాకు పంపు. అది చూసేదాకా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

నాన్నకి, అమ్మకి నమస్కారాలు.

మీ అన్నయ్య